బారాదరి వెనక గోడ

నేను ఇబ్రహీంపట్నం కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్ళు. కందుకూరు దగ్గర పల్లెలో మా పుట్టింటివాళ్ళు మట్టిపని చేసేవాళ్ళు. అత్తగారిది సున్నం పని. కాపురానికి వచ్చిన మూడోరోజే మా అత్త నా చేతికి రోకలి ఇచ్చి, బెల్లం నీళ్ళు కలిపిన సున్నం ముందు కూర్చోబెట్టింది.

“వడ్లు దంచినట్టు దంచకు పిల్లా. జోకొట్టినట్టు దంచు. తొందరపడితె రేపు గోడమీద పగుల్తది” అంది.

పెళ్ళయిన ఆరు నెలలకు మా ఆయన బొంబాయిలో మేస్త్రీ పనికి వెళ్ళిపోయాడు. ఇంట్లో మామ, అత్త, నేను మిగిలాం. ముగ్గురం చేసే పని ఒక్కటే, చెరువు ఒడ్డున ఉన్న బారాదరిని కాపాడుకోవడం. వానలు వెళ్ళగానే పైకప్పుకు గచ్చు వేయాలి. ఎండలు ముదిరేలోగా లోపలి గోడలు మెత్తాలి. మామ తాతల నాటినుంచి ఈ పని ఆ ఇంటిదే. దానికి బదులుగా చెరువు కింద ఒక మడి దున్నుకునేవాళ్ళం.

బారాదరి అంటే పన్నెండు దర్వాజాల ఇల్లు. అది గుడి కాదు, మసీదు కాదు, దొరలెవరూ అందులో కాపురం చేయలేదు. జనం కూర్చుని ఆటలు చూడటానికని కట్టింది. మామ చెప్పే కథ ప్రకారం, ఒకప్పుడు చెరువు కట్టకు గండి పడింది. జాగీర్దారు మనుషులు ఊరూరి నుంచి కూలీలను తోలుకొచ్చారు. పొద్దంతా మట్టి మోసిన జనం రెండో వారానికే ఒక్కొక్కరుగా పారిపోసాగారు. కొరడా పట్టుకుంటే ఇంకా ఎక్కువమంది పోయారు. అప్పుడెవరో బుద్ధిమంతుడు భాగవతులను పిలిపించి, పని దిగే వేళకు కట్టమీద ఆట ఆడించాడట. కథ సగంలో ఆపేశారు. మర్నాడు ఒక్క కూలీ కూడా పోలేదు. గండి పూడేదాకా ఆ కథ అయిపోలేదు. పూడ్చిన తర్వాత జాగీర్దారు అక్కడే ఈ రాతి ఇల్లు కట్టించాడు.

చాలా ఏళ్ళ తర్వాత కొలత టేపు పట్టుకుని వచ్చిన పాత కట్టడాల శాఖ ఉద్యోగి ఒకాయన కమానుల వంపు చూసి, ఇది పద్దెనిమిదో శతాబ్దం నడుమ కట్టింది అయ్యుంటుందని చెప్పాడు. కూలీల కథ ఆయన ఎక్కడా చదవలేదట. మామకైతే ఆ శతాబ్దం గొడవ తెలియదు. నాకు మాత్రం ఇద్దరు చెప్పిందీ నిజమే కావచ్చనిపించింది.

మా మామ కోడలితో నేరుగా మాట్లాడే మనిషి కాదు. నాకు చెప్పవలసిందంతా అత్తకు చెప్పేవాడు, నేను వింటున్నానని ఆయనకు తెలుసు. అట్లాగే ఆ ఇంటి కట్టుబడి అంతా నేర్చుకున్నాను. అది నలుచదరపు ఇల్లు. పక్కకు మూడేసి కమానులు. పడమటి మూడూ చెరువు మీదికి తెరుచుకునేవి. తూర్పువి మాత్రం ఉత్త బొమ్మ దర్వాజాలు, బయటినుంచి కమానుల్లా కనిపించేవి గాని మొదటినుంచీ రాతితో మూసినవే. “పన్నెండు దర్వాజలు, తొమ్మిది తొవ్వలు” అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మూసిన గోడకు లోపలివైపు మోకాలెత్తు అరుగు. ఆట ఆడేది దానిమీదే.

ఆట పొద్దు వాలాక మొదలై చీకటి పడేలోగా ముగిసేది. దివిటీలతో పనిలేదు. పడమటి ఎండ చెరువు నీళ్ళమీద పడి, అక్కడినుంచి కమానుల గుండా లోపలికి వచ్చి, అరుగు మీద నిలబడినవాడి ముఖాన పడేది. చూసేవాళ్ళ వీపులకు ఎండ, ఆడేవాడి ముఖానికి వెలుగు. నీళ్ళు కదిలినప్పుడల్లా ఆ వెలుగూ కదిలేది. ఉత్తరం కమానులకు రాతి కొంకులుండేవి. జాగీర్దారు ఇంటి ఆడవాళ్ళు వస్తే అక్కడ తెరలు కట్టేవాళ్ళట. దక్షిణం వైపు గడప మాత్రం నేలకు సమంగా దించి కట్టారు. ఊరు లోపలికి రానివ్వని కులాలవాళ్ళు అటు బయట నేలమీద కూర్చునేవాళ్ళు.

“కట్టినోడు వాళ్ళను లోపలికి రానియ్యలే. గని కనబడకుంట గూడ చెయ్యలే” అన్నాడు మామ ఒకసారి అత్తతో. అది మెప్పో తప్పో ఆయన గొంతులో తెలియలేదు.

పైకప్పు గుమ్మటంలో వందలకొద్దీ మట్టికుండలు బోర్లించి గచ్చులో పొదిగారు. కింద ఎవరు మాట్లాడినా కుండల మూతులు ఆ మాటను పట్టి మూలమూలకూ పంపేవి. అరుగు దగ్గర గుసగుసలాడినా పడమటి దర్వాజా దాకా వినబడేది.

తూర్పు గోడ వెనక, బయటివైపు, వేషాలు కట్టుకునే కొట్టం ఒకటి ఉండేది. నేను వచ్చేనాటికే దాని కప్పు కూలిపోయింది. మా సున్నం గుంత, దంచే రాతి తొట్టి అక్కడే. ఆ గోడలో మనిషి ఎత్తున ఒక గూడు. గూట్లోంచి మట్టి గొట్టం ఒకటి ఏటవాలుగా గోడలోకి దిగి, లోపల అరుగు పక్కన సున్నంతో చేసిన చిలక నోట్లో తేలేది. ఆటలో మాట మరిచినవాడికి వెనకనుంచి అందించడానికి చేసిన ఏర్పాటు అది.

గొడవలు మొదలుకాకముందు నేను అక్కడ చూసిన ఆట ఒక్కటే. కందుకూరు వైపు నుంచి ఏటా వచ్చే భాగవతుల మేళం ఆడింది. మేళం పెద్దకు యాభై దాటాయి. ఆయన ఆడవేషం కట్టేవాడు. అరుగు మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా కూర్చుని, ఒక్క మాట పాడకుండా ఒళ్ళో లేని బిడ్డను సర్దుకున్నాడు. నా పక్కన కూర్చున్న అత్త కొంగు నోట్లో పెట్టుకుంది. ఆట అయ్యాక ఆయన సగం రంగు తుడుచుకుని మా సున్నం గుంత దగ్గరికి నీళ్ళకు వచ్చాడు.

“ఏ ఊరు బిడ్డా నీది?” అని అడిగాడు. చెప్పాను.

“గట్లనా. అయితె మా తొవ్వల ఊరే. మా బిడ్డవే నువ్వు” అన్నాడు.

మరుసటి ఏడు ఆట జరగలేదు. పల్లెల్లో రైతుల సంఘం బలపడింది. సర్కారుకు లెవీ ధాన్యం ఇచ్చేది లేదని కొందరు ఎదురు తిరిగారు. సర్కారు తరఫున ఖాకీ దుస్తులు వేసుకున్న దళాలు ఊళ్ళమీద పడ్డాయి. మా అత్త తమ్ముడిని ధాన్యం ఎక్కడ దాచావో చెప్పమని కొడితే, అతని కుడికాలు మళ్ళీ సరిగ్గా ఆనలేదు. ఆ దళమే ఒక పొద్దున బారాదరికి వచ్చి చాపలు పరుచుకుంది. వాళ్ళ జమాదారు మామను పిలిపించాడు. పట్టుకొచ్చినవాళ్ళను పెట్టడానికి జాగా కావాలి, ఒక్క పడమటి దర్వాజాకు తలుపు బిగించి మిగిలినవన్నీ మూసేయమన్నాడు.

నేను, అత్త రాళ్ళు అందిస్తుంటే మామ గోడలు పెట్టాడు. సున్నం ముట్టుకోలేదు. వట్టి బురదమట్టితో కట్టాడు. జమాదారు చూసి, “సున్నం ఎందుకు పెట్టవ్?” అన్నాడు.

“సున్నం ఆరాలంటె నెల పడ్తది సర్కార్. మీకు రేపటికే గావాలంటిరి” అన్నాడు మామ.

ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చుని అత్తతో అన్నాడు. “సున్నం పెడితె పాత రాయిని పట్టుకుంటది. మల్ల ఎన్నడు ఇడువది. మట్టిని ఎప్పుడంటె అప్పుడు తీసెయ్యొచ్చు.” ఆ మాట చెప్పి ఆయన అన్నం కలపకుండానే చెయ్యి కడుక్కున్నాడు. తన ఇల్లు తనే మూసిన మనిషిలా ఉన్నాడు.

వారం తిరగకుండా పదిమందిని తెచ్చి లోపల పెట్టారు. జమాదారు గోడల తెలుపు కోసం రోజూ సున్నం కావాలన్నాడు కాబట్టి నేను ఎప్పటిలాగే వెనక గోడ దగ్గర దంచుతూ ఉన్నాను. ఒక మధ్యాహ్నం గూట్లోంచి గొంతు వినిపించింది.

“సున్నం దంచే బిడ్డా.”

రోకలి ఆపాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

“దంచుడు ఆపకు. ఆపితె వాళ్ళు అనుమానపడ్తరు. నేను భాగవతులోన్ని. యాదికున్ననా?”

“ఉన్నవ్ పెద్దయ్యా” అన్నాను దంచుతూనే. “నిన్నెందుకు పట్టుకొచ్చిండ్రు?”

“ఆటల మధ్యన సంఘపోళ్ళ పాట పాడినమని. లోపల మస్తు ఉక్కపోస్తున్నది బిడ్డా. పొద్దుగాల ఒక్కసారి కడవ పెడ్తరు. గది పదిమందికి సరిపోదు. ఒకడు నిన్న మూర్ఛపోయిండు.”

నేను అత్తకు చెప్పాను. అత్త మామకు చెప్పింది. ఆయన చేతిని ఏటవాలుగా పెట్టి చూసుకున్నాడు. తర్వాత, నేను ఇంటికి వచ్చిన రెండేళ్ళలో మొదటిసారి, నా వైపు చూసి మాట్లాడాడు.

“గా గొట్టం అటువైపుకు వాలి ఉన్నది బిడ్డా. మాట పోతది. నీళ్ళు గూడ పోతయ్.”

మర్నాటి నుంచి సున్నంలోకని తెచ్చుకున్న నీళ్ళలో సగం గూట్లో పోశాను. లోపల ఒక్కొక్కరే చిలక ముక్కు కింద దోసిలి పట్టేవాళ్ళు. నాలుగో రోజు అత్త అంబలి కాచి, గొట్టంలో అడ్డుపడకుండా పాత గుడ్డతో రెండుసార్లు వడగట్టింది. పోస్తూ ఉంటే లోపలినుంచి ఎవరో చప్పరించిన శబ్దం వినబడింది. ఆ శబ్దానికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నీళ్ళతోపాటు మాటలూ పోయాయి. పెద్దాయన లోపలివాళ్ళ ఊళ్ళ పేర్లు చెప్పేవాడు. నేను సంతకు వచ్చిన ఆడవాళ్ళను వెతికి కబురు చెప్పేదాన్ని. కొందరు సున్నం అడగటానికి వచ్చినట్టు వచ్చి నా పక్కన కూర్చుని గూట్లో మాట్లాడేవాళ్ళు. తుర్కయాంజాల్ రైతు ఒకాయన భార్య వచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తుంది. ఆయన లోపలినుంచి మొదట అడిగింది ఎడ్ల సంగతి.

“ఎడ్లకు నీళ్ళు పెడ్తున్నవా?”

“పెడ్తున్న. నేను, పిల్లలు తిన్నమా లేదా అని గూడ అడుగు” అంది ఆమె.

“తిన్నరా?” అని అడిగాడు చివరికి. ఆమె కొంగుతో ముఖం కప్పుకుని, తిన్నామని చెప్పింది. తినలేదని ఆమె ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

పడమటి దర్వాజా దగ్గర పగలు కాపలా కాసేవాడు ఊరివాడే. గాజులమ్మే ముసలామె ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్ళుంటాయి. అంతకుముందు తల్లితో కలిసి గాజులు గుచ్చిన మలారం మోసేవాడు. తుపాకీ ఇస్తాం, తిండి పెడతాం అంటే ఖాకీ వేసుకున్నాడు. అతనంటే మా అత్తకు గిట్టేది కాదు. తమ్ముడి కాలు విరిచిన గుంపులో అతను లేడని తెలిసినా, ఆ గుడ్డ చూస్తేనే ముఖం తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం నేను గూటికి చెంప ఆనించి వింటుంటే వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే అతను.

“గోడతోని ముచ్చట పెడ్తున్నవా అక్కా?” అన్నాడు.

“తడి ఆరిందా అని చూస్తున్న” అన్నాను. చెంబు కొంగు చాటుకు లాక్కున్నాను.

అతను గూటి వైపు చూశాడు. నేలమీద ఒలికిన అంబలి వైపు చూశాడు. తర్వాత చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు.

“మొదటిదినం సంది వింటున్న అక్కా. లోపల చీమ తుమ్మినా దర్వాజకాడ వినబడ్తది. మీరు ఎడ్ల ముచ్చట్లు, పిల్లల ముచ్చట్లు, అన్ని నా చెవులనే పడ్తున్నయ్” అన్నాడు. “పొద్దుగాల రాకు. జమాదార్ తిరుగుతుంటడు. పగటీలి తిన్నంక పంటడు. గప్పుడు రా. నేను గట్టిగ దగ్గితె మాట ఆపుండ్రి.”

“నువ్వెందుకు చెప్తలేవు వాళ్ళకు?” అని అడిగాను.

“ఏం చెప్పాలె? నీళ్ళు తాగుతున్నరని చెప్పాల్నా?” అని అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు మధ్యాహ్నం పూట అతను దర్వాజా దగ్గర ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు. లోపలివాళ్ళ గుసగుసలు ఆ రాగంలో కలిసిపోయేవి. రెండుసార్లు దగ్గాడు. రెండుసార్లూ జమాదారు లేచాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఆకాశంలో విమానాలు తిరిగాయి. యూనియన్ సైన్యం వస్తోందని సంతలో చెప్పుకున్నారు. ఐదో రోజు పొద్దున మేం బారాదరి దగ్గరికి వెళ్ళేసరికి జమాదారు లేడు, దళం లేదు, పడమటి దర్వాజాకు బయట తాళం వేసి ఉంది. కుర్రవాడు ఒక్కడే మెట్టుమీద కూర్చున్నాడు. ఖాకీ చొక్కా విప్పేసి పక్కన పెట్టుకున్నాడు.

“తాళంచెవి వాళ్ళే తీస్కపోయిండ్రు. వీళ్ళను ఇట్లనే ఇడిసి యాడికి పోవాలె?” అన్నాడు.

మామ గడ్డపార తీసుకుని ఉత్తరం కమానులో తాను కట్టిన మట్టి గోడను పొడిచాడు. కుర్రవాడు లేచి రాళ్ళు లాగాడు. రెండు చుట్టలు కాల్చేంత సేపట్లో మనిషి పట్టే సందు అయింది. పది మందీ వెలుగులోకి వచ్చి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. భాగవతుల పెద్దాయన గడ్డం తెల్లగా పెరిగి నడుము వంగిపోయాడు. ఆయన ముందు కమాను అంచు తడిమి చూశాడు. ఎక్కడా ఒక పెచ్చు కూడా ఊడలేదు.

“మట్టితోనే కట్టినవన్నమాట” అన్నాడు మామతో.

“అవ్” అన్నాడు మామ.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఖాకీ దళాలు చేసిన పనులకు ఊళ్ళలో కోపం ఉంది. దళంలో ఉన్నవాళ్ళు పారిపోయారు. దొరికినవాళ్ళు చాలావరకు ఏమీ తెలియని ముసలివాళ్ళు, మగ్గాలవాళ్ళు, గాజులవాళ్ళు. కొన్ని ఇళ్ళు తగలబడ్డాయి. దళాల్లో ఎక్కువమంది ముస్లింలని, కొత్తగా వచ్చిన సైనికాధికారి ఊళ్ళో ముస్లిం మగవాళ్ళందరినీ విచారణ అయ్యేదాకా ఒకచోట పెట్టమన్నాడు. ఊళ్ళో అంత జాగా ఉన్నది బారాదరి ఒక్కటే. మామ అప్పటికి పడమటి కమానులు మూడూ విప్పేశాడు. వాటి ముందు తుపాకీ పట్టుకున్న సిపాయిలు నిలబడ్డారు. లోపలికి వెళ్ళినవాళ్ళలో గాజులామె కొడుకూ ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

“బిడ్డా, వెనక గోడకాడికి నన్ను జర తోల్కపో. వాని గొంతు ఒక్కపారి ఇంట” అంది నాతో.

అత్త లోపలినుంచి విని వచ్చి తలుపు వేసింది. నేను ఆ ముసలామెను అక్కడే వదిలి ఏమీ చేయలేక లోపల నిలబడ్డాను. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమెకు తమ్ముడి కాలు కళ్ళముందు ఉందని నాకు తెలుసు. అడగలేదు.

పొద్దున నేను లేచేసరికి అత్త అంబలి వడగడుతోంది.

“నా తమ్మున్ని కొట్టినోడు వీడు కాదు. కొట్టినోడైనా సరే, గొంతెండితె దూప దూపనే” అంది నా వైపు చూడకుండా. “ఆ గాజులక్కను పిలువు. నేనే తోల్కపోత.”

ఇద్దరు ఆడవాళ్ళూ సున్నం గుంత పక్కన కూర్చున్నారు. గాజులామె గూట్లోకి వంగి కొడుకును పేరుపెట్టి పిలిచింది. లోపలినుంచి “అమ్మీ” అని వినబడింది. ఆమె ఇంకేమీ అడగలేదు. అలాగే వంగి ఉండిపోయింది. అత్త ఆమె వీపుమీద చెయ్యి వేసి ఉంచింది. ఒకరినొకరు ఎప్పుడూ పలకరించుకోని మనుషులు వాళ్ళు.

లోపల ఇంకొకాయన ఉండేవాడు, మగ్గం నేసే ముసలాయన. ఆయన రోజూ గొట్టం దగ్గరికి వచ్చి తన మేక ఈనిందా అని అడిగేవాడు. ఈనిందని, రెండు పిల్లలని నేను చెప్పిన రోజున, ఏ రంగువి అని అడిగాడు.

కుర్రవాడిని విడిపించాలంటే అతను చేసిన మేలు ఎవరైనా అధికారికి చెప్పాలి. మామ కందుకూరు వైపు నడిచి వెళ్ళి భాగవతుల పెద్దాయనకు చెప్పాడు. తుర్కయాంజాల్ రైతుకూ కబురు పంపాడు. పది మందిలో నలుగురే వచ్చారు. మిగిలినవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు పడ్డది వాళ్ళకే తెలుసు.

అధికారి పడమటి కమానుల దగ్గర కుర్చీ వేసుకుని విచారణ చేసేవాడు. ఆయనకు తెలుగు రాదు. తెలుగు మాటలను ఆయన భాషలోకి మార్చి చెప్పేవాడు ఊరి పట్వారీ దగ్గరి మనిషి. వీళ్ళు పది మాటలు చెబితే అతను రెండు చెప్పేవాడు. ఆ రెండూ వీళ్ళు చెప్పినవి కావేమోనని అందరికీ అనుమానం. రైతు చెప్పాడు, ఇంకో ఇద్దరు చెప్పారు. అధికారి తల ఊపి కాగితం పక్కన పెట్టాడు. పెద్దాయన వంతు వచ్చేసరికి పొద్దు వాలింది.

ఆయన మాట్లాడలేదు. అధికారికి దండం పెట్టి, లోపలి అరుగును చూపించి, ఎక్కనా అన్నట్టు సైగ చేశాడు. అధికారికి ఏమనిపించిందో, సరేనన్నాడు. కట్టమీద ఉన్న జనమంతా దగ్గరికి వచ్చారు. లోపల బందీలుగా ఉన్నవాళ్ళు గోడలకు జరిగి చోటిచ్చారు.

పెద్దాయన అరుగు ఎక్కి నిలబడ్డాడు. వేషం లేదు, రంగు లేదు, తాళం లేదు. చెరువు మీది వెలుగు ఆయన ముఖాన పడింది. మొదట దప్పికైన మనిషి అయ్యాడు. నాలుక తడుపుకున్నాడు, గోడ నాకాడు, పక్కవాడు మూర్ఛపోతే ఒళ్ళో పెట్టుకుని చేత్తో గాలి విసిరాడు. తర్వాత సున్నం దంచే ఆడపిల్ల అయ్యాడు. రోకలి ఎత్తడం, ఆపడం, చుట్టూ చూడటం, చెంబు వంచడం. అది నేనే. నా మెడ తిప్పే తీరు కూడా పట్టుకున్నాడు. ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. మళ్ళీ బందీ అయి చిలక ముక్కు కింద దోసిలి పట్టి తాగాడు. తాగాక కళ్ళు మూసుకున్నాడు. చూస్తున్న సిపాయి ఒకడు తన నీళ్ళ సీసా మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆ తర్వాత కాపలావాడయ్యాడు. దర్వాజా దగ్గర తుపాకీతో నిలబడ్డాడు. విన్నాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టి మళ్ళీ విన్నాడు. జమాదారు పడుకున్న వైపు చూశాడు. లోపలికి చూశాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. అప్పుడు మెల్లగా ముఖం చెరువు వైపు తిప్పుకుని, గొంతెత్తి, ఆ కుర్రవాడు తీసే కూనిరాగమే తీశాడు. పైన కుండలు ఆ రాగాన్ని పట్టుకుని ఇల్లంతా నింపాయి. మూలన కూర్చున్న కుర్రవాడు మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

అధికారి లేచి అరుగు దగ్గరికి వెళ్ళి చిలకను చూశాడు. నన్ను వెనకకు రమ్మని, గూడు చూపించమన్నాడు. తన సీసాలో నీళ్ళు తనే గూట్లో పోశాడు. లోపలినుంచి సిపాయి ఏదో కేక వేశాడు. నీళ్ళు వచ్చాయన్నమాట. అధికారి కాసేపు గోడమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆయన భాషలో నాతో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. కోపం మాత్రం కాదు.

మూడో రోజున గాజులామె కొడుకును, ఇంకో ఆరుగురిని వదిలేశారు. మిగిలినవాళ్ళను పట్నం పంపారు. మగ్గం ముసలాయన కూడా అందులో వెళ్ళాడు. ఆయన కోసం సాక్ష్యం చెప్పడానికి ఎవరూ రాలేదు. నేనూ చెప్పలేదు. ఆయన మేక గురించి తప్ప నాకు ఆయన సంగతేమీ తెలియదని అప్పుడు అనుకున్నాను. తిరిగి వచ్చాడో లేదో కూడా తెలియదు, మగ్గం ఉన్న ఇల్లు తర్వాత ఎవరో కొనుక్కున్నారు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

విడుదలైన కుర్రవాడు వారం రోజులు ఇల్లు కదలలేదు. గాజులు అమ్మడానికి ఏ వాకిట్లోకి వెళ్ళాలన్నా అతనికి ముఖం చెల్లలేదు. మామ వాళ్ళ ఇంటి ముందు నిలబడి, “రేపు పొద్దుగాల సున్నం గుంతకాడికి రా. దక్షిణం గోడలు ఇంక తీసేటివి ఉన్నయ్. నాకొక్కనికి అయితలేదు” అన్నాడు. అతను వచ్చాడు. ఇద్దరూ కలిసి మిగిలిన మట్టి గోడలన్నీ విప్పారు. అలా వచ్చినవాడు పనిలోనే ఉండిపోయాడు.

పల్లెల్లో పోరాటం ఇంకా మూడేళ్ళు నడిచింది. అది కూడా ఆగిన తర్వాత మా ఆయన బొంబాయి నుంచి తిరిగి వచ్చాడు. మధ్యలో ఉత్తరాలు చేరక మేం బతికున్నామో లేదో అతనికి తెలియదు. వచ్చీ రాగానే తన గడ్డపార ఇంకొకడి చేతిలో ఉండటం చూసి కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. అత్త జరిగిందంతా చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే తాపీ మార్చుకుంటూ పనిచేశారు. బారాదరిలో మళ్ళీ ఆటలు ఆడారు గాని, పెద్దాయన పాడలేదు. లోపలి ఉక్కలో పట్టిన దగ్గు ఆయన్ను వదల్లేదు. తర్వాత సినిమా డేరా వచ్చింది, జనం అటు వెళ్ళారు. కొన్నాళ్ళు బారాదరిలో ధాన్యం నిలవచేశారు. ఒక పెద్ద వానకు ఉత్తరం మూల కూలింది. ఇప్పుడు ఐదు కమానులు మిగిలాయి.

మామ పోయిననాడు చుట్టాలంతా వచ్చారు. పాడె ఎత్తే వేళకు, ముందు కొమ్ము దగ్గర మా ఆయన, మరి రెండు కొమ్ముల దగ్గర అత్త తమ్ముడి కొడుకులిద్దరు నిలబడ్డారు. నాలుగో కొమ్ము దగ్గర గాజులామె కొడుకు భుజం పెట్టాడు. అప్పటికి అతనికీ తల నెరిసింది. దూరపు చుట్టం ఒకడు ముందుకు వచ్చి, “మనోడు ఎవడన్న పట్టాలె గని గిదేంది?” అన్నాడు.

అందరూ ఆగిపోయారు. అతను భుజం తీయబోయాడు. ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న అత్త లేచి నిలబడింది.

“ఆయన తోని ఇరవయ్యేండ్లు రాళ్ళు మోసినోడు వాడు. వాడు పట్టొద్దంటె ఆ కొమ్ము నేను పడ్త” అంది.

చుట్టం పక్కకు జరిగాడు. నలుగురూ ఒక్కసారిగా ఎత్తారు. ఎండ బాగా ఉంది. అత్త తమ్ముడు కుంటుకుంటూ వెనక నడిచాడు. కట్ట మలుపు దగ్గర అతను వెనకబడిపోతే, గాజులామె కొడుకు అడుగు నెమ్మది చేశాడు. మిగిలిన ముగ్గురూ అతనితోపాటు నెమ్మదించారు.